15 ఏళ్ల సర్వీసుకి ఇచ్చిన డిగ్రీ కాగితం: సిగ్నల్స్ వాళ్ల ఉద్యోగాల గొడవ అసలు ఎక్కడ మొదలైంది

2025 అక్టోబర్‌లో గూగుల్ డేటా సెంటర్ విశాఖకి వస్తోందన్నారు, 15 బిలియన్ డాలర్లన్నారు, సముద్రం అడుగునుంచి కేబుల్ కూడా ఇక్కడికే తెస్తారన్నారు, అప్పట్నుంచి మా శ్రీకాకుళం, విజయనగరం ఎక్స్‌సర్వీస్‌మెన్ వాట్సాప్ గ్రూపుల్లో పాత పంచాయితీ మళ్లీ లేచింది. ఆర్మీలో రేడియో, ఫోను, నెట్‌వర్క్ చూసే సిగ్నల్స్‌లోనో నేవీ కమ్యూనికేషన్‌లోనో పదిహేను ఇరవయ్యేళ్లు చేసి వచ్చినవాడికి ఈ టెక్నాలజీ కంపెనీల్లో ఉద్యోగం ఎందుకు దొరకట్లేదు అని. ఈసారి అగ్గి రాజేసింది ఒక స్క్రీన్‌షాట్. టెక్కలి వైపు హవల్దార్ ఒకాయన విశాఖలో ఒక ప్రైవేటు కంపెనీలో నెట్‌వర్క్ సపోర్ట్ పోస్టుకి పెట్టుకుంటే డిగ్రీ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమన్నారు, ఆయన ఆర్మీ ఇచ్చిన గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ పెట్టాడు, రెండు రోజులకి రిజెక్ట్ అని మెయిల్ వచ్చింది, కారణం "చెల్లుబాటయ్యే డిగ్రీ లేదు". కింద ఆయన వాయిస్ మెసేజ్: "పని రాదంటే ఒప్పుకుంతాను బాబూ, డిగ్రీ నేదంటారేటి, గవుర్మెంటే కదేటి ఇచ్చింది?"

గవర్నమెంటే ఇచ్చింది, నిజమే. కానీ దేనికి ఇచ్చింది అన్నదే అసలు కథ.

సిగ్నల్స్ కోర్ 1911లో పుట్టడం, జబల్‌పూర్ ట్రైనింగ్, మహూలో కాలేజీ, ఇవన్నీ మన ఊళ్లలో ఏ వీధి అరుగు మీద కూర్చున్నా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి వదిలేస్తున్నా. నా లెక్కలో మొత్తం గొడవకి మూలం 1986 ఫిబ్రవరి 12 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్. మాజీ సైనికులని తిరిగి ఉద్యోగాల్లోకి తీసుకునే 1979 రూల్స్‌ని అప్పుడు సవరించారు. టెన్త్ పాసై 15 ఏళ్లకి తక్కువ కాకుండా సర్వీసు చేసినవాణ్ని, డిగ్రీ అడిగే గ్రూప్-సి (గుమస్తా స్థాయి) రిజర్వుడు పోస్టులకి అర్హుడిగా చూడొచ్చు అన్నారు. హవల్దార్ పెట్టిన గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ ఈ రూలు మీద వచ్చిందే. ఈ సగమే అందరికీ గుర్తుంది. రెండో సగం ఏంటంటే, టెక్నికల్ లేదా ప్రొఫెషనల్ పని అనుభవం తప్పనిసరి కాని పోస్టులకే ఈ వెసులుబాటు. అంటే మీరు రేడియో మెకానిక్‌గా చేశారా, సైఫర్‌లో (రహస్య సంకేతాల పని) చేశారా, లైన్‌మన్‌గా తీగలు లాగారా అన్నది ఆ కాగితానికి అక్కర్లేదు, 15 ఏళ్లు ఉన్నారా లేదా, అంతే. గుమస్తా కుర్చీ కోసం రాసిన రూలు అది, టెక్నీషియన్‌ని బయటే నిలబెట్టి రాశారు.

అప్పట్లో ఎవరికీ ఇది నొప్పి అనిపించలేదు, ఎందుకంటే తలుపులు వేరేవి తెరిచి ఉండేవి. కేంద్రం గ్రూప్-సిలో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో, పబ్లిక్ సెక్టార్‌లో 14.5 శాతం కోటా. మన జిల్లాల్లో ఏ స్టేట్ బ్యాంక్ బ్రాంచికి వెళ్లినా కౌంటర్‌లోనో, గేటు దగ్గర తుపాకీతోనో ఒక మిలిటరీ ఆయన కనపడతారు. చేతి పని వదలని వాళ్లకి టెలిఫోన్ డిపార్ట్‌మెంటు, రైల్వే సిగ్నల్ అండ్ టెలికాం, పోలీస్ వైర్‌లెస్ ఉండేవి, నేవీ నుంచి వచ్చిన కొందరు రేడియో ఆఫీసర్లుగా మర్చంట్ షిప్పులు ఎక్కారు.

ఆ తలుపులు ఒక్కొక్కటీ పడిపోయాయి. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడల్లో ఆపద కబురు పంపే శాటిలైట్ డిస్ట్రెస్ సిస్టమ్ పూర్తిగా అమల్లోకి వచ్చింది, మోర్స్ కొట్టే రేడియో ఆఫీసర్‌తో పని లేకుండా పోయింది. 2000 అక్టోబర్‌లో టెలిఫోన్ శాఖ బీఎస్ఎన్ఎల్ అయ్యింది, ఇరవయ్యేళ్లు తిరక్కుండానే 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకుని ఒక్కరోజే 78 వేల మందికి పైగా బయటికి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లనే పంపించేస్తుంటే కొత్తగా ఎక్స్‌సర్వీస్‌మన్‌ని ఎవరు తీసుకుంటారండి.

విడ్డూరం ఏంటంటే సరిగ్గా ఈ కాలంలోనే మిలిటరీ లోపల పని మొత్తం బయట పనిలాగే మారిపోయింది. 3జీ మొబైల్ సర్వీసుల కోసం సైన్యం తన స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల వాటా) వదులుకుంది, దానికి బదులుగా సైన్యానికి విడిగా ఫైబర్ నెట్‌వర్క్ వేసి ఇవ్వాలని ప్రాజెక్టు పెట్టారు, 2012లో 13,334 కోట్లు శాంక్షన్ చేశారు, 2018 వచ్చేసరికి దాన్ని 24,664 కోట్లకి పెంచారు, పని అప్పజెప్పింది బీఎస్ఎన్ఎల్‌కే. దాంతో ఒకప్పుడు హెచ్ఎఫ్ రేడియో సెట్టు ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న ఆపరేటర్ స్థానంలో రౌటర్లు, స్విచ్‌లు, ఫైబర్ టెస్టింగ్ చూసే మనిషి వచ్చాడు. ప్రైవేటు టెలికాం కంపెనీలో నైట్ షిఫ్ట్ ఇంజనీర్ చేసేదీ దాదాపు అదే. పని 2018కి వచ్చేసింది, కాగితం మాత్రం 1986లోనే ఉండిపోయింది.

మందస వైపు నాకు తెలిసిన రిటైర్డ్ నాయక్ ఒకాయన ఉన్నారు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో స్తంభాలన్నీ పడుకున్నప్పుడు లోకల్ కేబుల్ ఆపరేటర్‌కి సాయంగా వెళ్లి అక్కడే సెటిలయ్యారు, జాయింటుకి ఇంత అని డబ్బులు. ఆయన పని చేస్తుంటే చూడాలి. జీడితోట పక్కన గట్టు మీద గోనెసంచి పరుచుకుని, ఫైబర్ పైతోలు వొలిచి, స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి, క్లీవర్‌తో టిక్కుమని కోసి, స్ప్లైసింగ్ మెషిన్‌లో రెండు కొసలూ పెట్టి మూత వేస్తారు. స్క్రీన్ మీద లాస్ (జాయింటు దగ్గర పోయే సిగ్నల్) 0.02 చూపిస్తే సరే, 0.05 దాటిందంటే మళ్లీ తెంపేసి మొదట్నుంచీ చేస్తారు. పక్కనున్న కుర్రాడు "నెట్ వస్తాది కదా మావయ్యా, ఒగ్గీయండి" అంటే "రేపు వానకి నువ్వొస్తావేటి ఇక్కడికి" అన్నారు. ఈ మనిషి రెజ్యూమేలో ఏముందో తెలుసా, "కమ్యూనికేషన్ డ్యూటీ, 17 ఏళ్లు". ఎక్కడ చేశారు, ఏ సెట్టు మీద చేశారు అని రాయడానికి భయం, 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ పేరు రిక్రూట్ అయిన మొదటి నెల నుంచీ చెవిలో పోస్తారు కదా.

కంపెనీల వైపు మాట కూడా చెప్పాలి. వాళ్లనేది, క్లయింట్‌తో కాంట్రాక్టులోనే టీమ్‌లో అందరూ గ్రాడ్యుయేట్లు అని రాసుంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాడు యూనివర్సిటీ పేరు అడుగుతాడు, రెజిమెంట్ పేరు రాస్తే సాఫ్ట్‌వేర్ తీసుకోదు. ముప్పై ఏడేళ్ల మనిషి పాతికేళ్ల టీమ్ లీడ్ కింద సర్దుకుంటాడా అన్న డౌటు కూడా ఉంది. ఉండొచ్చు. కానీ ఇంటర్వ్యూ దాకా రానిస్తే కదా సర్దుకుంటాడో లేదో తెలిసేది.

మరి డిగ్రీయే అడ్డమైతే నిజం డిగ్రీయే ఇద్దాం అని తర్వాత ఒక ప్రయత్నం జరిగింది, అది మన పక్కనే, ఆంధ్రా యూనివర్సిటీ ద్వారా. సైన్యంతో ఒప్పందం చేసుకుని సర్వీసుని లెక్కలోకి తీసుకుని డిగ్రీ ఇస్తున్నారు, యూనివర్సిటీ పేరు ఉంటుంది, కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా తీసుకుంటుంది. బానే ఉంది, ఏ డిగ్రీ అంటే బీఏ హెచ్ఆర్ఎం. హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్. గ్రూపుల్లో దీన్ని దేవుడిచ్చిన వరం అని మొక్కేవాళ్లూ ఉన్నారు, బ్యాంకు పరీక్షలకి, సచివాలయం పోస్టులకి పనికొచ్చింది కాబట్టి వాళ్లని తప్పు పట్టలేం. కానీ ఇంటర్వ్యూలో నెట్‌వర్క్ పోస్టుకి కూర్చున్నవాణ్ని "మీది హెచ్ఆర్ కదా, ఇటెందుకొచ్చారు" అని అడిగితే ఏం చెప్తాడు. 1986లో చేసిన పనే మళ్లీ చేశారు, ఏళ్లు లెక్కపెట్టారు గానీ ఆ ఏళ్లలో ఏం చేశాడో రాయలేదు.

దీన్ని దాటి బయటపడ్డవాళ్లు లేకపోలేదు. సర్వీసులో ఉండగానే సొంత డబ్బుతో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష రాసుకున్నవాళ్లు, రిటైర్మెంట్‌కి ముందు రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ పెట్టే కోర్సుల్లో సెక్యూరిటీ గార్డు సూపర్‌వైజర్ లాంటివి కాకుండా నెట్‌వర్కింగ్ పట్టుబట్టి తీసుకున్నవాళ్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో బాగానే ఉన్నారు. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్తే మాత్రం ఇప్పటికీ ముందు చూపించేది బ్యాంకు నోటిఫికేషనే. వాళ్ల తప్పూ కాదులెండి, వాళ్ల టేబుల్ మీదకి వచ్చేవి అవే.

ఇప్పుడీ గొడవ రిటైరైన వాళ్లతో ఆగలేదు, కుర్రాళ్ల ఇళ్లకి వచ్చింది. సైన్యంలో చేర్చుకునే కొత్త స్కీము అగ్నిపథ్‌ని 2022 జూన్ 14న ప్రకటించారు, సర్వీసు నాలుగేళ్లు, నూటికి పాతిక మందే లోపల ఉంటారు, మిగతావాళ్లు ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి. 2022 చివర్లో చేరిన మొదటి బ్యాచ్‌కి 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. వీళ్లకి పెన్షన్ లేదు, ఎక్స్‌సర్వీస్‌మన్ హోదా ఉండదని మొదట్లోనే చెప్పారు, 15 ఏళ్ల రూలు ఎలాగూ వర్తించదు. అంటే తండ్రికి కనీసం చెల్లని కాగితమైనా ఉంది, కొడుక్కి అదీ లేదు.

వాళ్లకి చూపించిన దారి ఇగ్నో (దూరవిద్య యూనివర్సిటీ) డిగ్రీ, అందులో సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చుకున్న పని నుంచే వేస్తామన్నారు. వినడానికి ఇదే కదా మనం అడిగింది అనిపిస్తుంది. 2022లో ఆ డిగ్రీలకి చెప్పిన పేర్లు చూడండి: బీఏ, బీకామ్, బీఏ వొకేషనల్, బీఏ టూరిజం మేనేజ్‌మెంట్. బీసీఏ లేదు, బీఎస్సీ లేదు. సిగ్నల్స్‌లో నాలుగేళ్లు రౌటర్ల మధ్య తిరిగిన రాజాం కుర్రాడు టూరిజం డిగ్రీతో డేటా సెంటర్ గేటు దగ్గర నిలబడితే మళ్లీ అదే స్క్రీన్‌షాట్.

గ్రూపులో ఇప్పుడు రెండు పార్టీలు. పెద్దవాళ్లు కలెక్టర్‌కి అర్జీ పెడదాం, కొత్తగా వచ్చే కంపెనీల్లో కోటా అడుగుదాం అంటున్నారు. కుర్రాళ్ల తండ్రులు కొందరు కోటా వద్దు, 1986 రూల్లో ఆ టెక్నికల్ మాట తీయించండి, డిశ్చార్జి బుక్కులో ట్రేడ్ (చేసిన పని పేరు) పక్కన ఏ సిస్టమ్ మీద ఎన్నేళ్లు చేశాడో కంపెనీ చదవగలిగే భాషలో రాయించండి, సీక్రెట్ ఏమైనా ఉంటే అది వాళ్లే చూసుకుని తీసేస్తారు కదా అంటున్నారు. అర్జీ డ్రాఫ్టు టైప్ చేసింది ఆ టెక్కలి హవల్దారే. మొదటి డిమాండు కోటా, ట్రేడ్ విషయం నాలుగో పేజీలో ఉంది.