ఖరీదైన రింగే ఎందుకు ఉబ్బింది?

స్కూటర్ కార్బురేటర్ విప్పినవాళ్ళకు ఈ చికాకు తెలిసే ఉంటుంది. పెట్రోల్‌లో నానిన రబ్బరు రింగు ఉబ్బిపోయి, తిరిగి దాని గాడిలో కూర్చోదు. కాసేపు ఆరబెడితే మళ్ళీ పడుతుంది. హైదరాబాద్ మందుల కంపెనీల ల్యాబుల్లో మందులోని పదార్థాలను విడదీసి కొలుస్తూ రాత్రీపగలూ నడిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాలకూ ఇదే తలనొప్పి. కాకపోతే అక్కడ పంపు వందల బార్ల (అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వందల రెట్ల) ఒత్తిడితో ద్రవాన్ని తోస్తుంటుంది.

రబ్బరంటే పొడవాటి అణువుల గొలుసులు, వాటి మధ్య అక్కడక్కడా ముడులు. ద్రవం ఆ గొలుసుల నడుమకు దూరుతుంది. ముడులున్నాయి కాబట్టి రబ్బరు కరగదు, శనగల్లా నానుతుంది. అయితే ఏ ద్రవం పడితే అది దూరలేదు. తన స్వభావానికి దగ్గరగా ఉన్న రబ్బరులోకే చొరబడుతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డ్యూపాంట్ 1957లో తెచ్చిన విటాన్ ఖరీదైన ఫ్లోరిన్ రబ్బరు. 200 డిగ్రీల వేడికీ, పెట్రోల్ జాతి ద్రవాలైన హెక్సేన్‌కూ, టోల్యూన్‌కూ తట్టుకుంటుంది. అదే గోళ్ళరంగు తుడిచే అసిటోన్‌లో వేస్తే ఉబ్బిపోతుంది! ఫ్లోరిన్ వల్ల దాని గొలుసులో ఒకచోట ధనావేశం, ఒకచోట రుణావేశం పేరుకుంటాయి. అసిటోన్ అణువుదీ అదే తీరు, అందుకే రెండూ కలిసిపోతాయి. చవకైన ఈపీడీఎం రబ్బరు ఉత్త కార్బన్, హైడ్రోజన్ల గొలుసు. అసిటోన్‌ను పట్టించుకోదు, హెక్సేన్ తగిలితే మాత్రం ఉబ్బుతుంది.

అన్నిటికీ టెఫ్లాన్ వాడేస్తే సరి కదా? 1938లో రాయ్ ప్లంకెట్‌కు అనుకోకుండా దొరికిన ఆ పదార్థాన్ని దాదాపు ఏ ద్రావణీ (వేరే పదార్థాల్ని కరిగించే ద్రవం) తాకలేదు, నిజమే. కానీ దానికి సాగే గుణం లేదు. నొక్కి ఉంచితే మెల్లగా జారి పలచబడుతుంది. అందుకే టెఫ్లాన్ పంపు సీలు లోపల స్టీలు స్ప్రింగు పెడతారు. ఈ యంత్రాల్లో వాడే పీక్ (PEEK) అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు మిథనాల్, అసిటోనైట్రైల్‌కు భేష్. టీహెచ్ఎఫ్, డైక్లోరోమీథేన్ అనే ద్రావణులు పోస్తే మాత్రం ఉబ్బి బలం తగ్గుతాయి, ఒత్తిడికి పగలొచ్చు.

ఉబ్బడం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాత జరిగేది. రబ్బరును మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెల్ని ద్రావణి లాగేస్తుంది. ఆరాక రింగు మునుపటికన్నా చిన్నదై, గట్టిపడి, అప్పుడు కారడం మొదలవుతుంది. ఆ నూనెలు యంత్రం గీసే గ్రాఫులో లేనిపోని శిఖరాలుగా తేలితే తప్పు మందులో ఉందనుకుని టెన్షన్ పడతాం.

డ్రాయరులో రింగులన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి, ఏది ఏ రబ్బరో కంటికి తెలియదు. అనుమానం వస్తే ఒకదాన్ని తూచి, ఆ ద్రావణిలో ఒక రోజు నానబెట్టి, మళ్ళీ తూచండి.