అద్దె ఇల్లు: చిన్న ఓనర్ల అపోహలు, అసలు సంగతులు

హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ, నిజాంపేట్, మియాపూర్ వైపు వేరేవాళ్ల ఫ్లాట్లు చూసుకోవడం నా పని. టెనెంట్‌ని వెతకడం, అగ్రిమెంట్ రాయించడం, అద్దె వసూలు చేయడం, ఖాళీ చేసే రోజు తాళాలు తీసుకోవడం అన్నీ నావే. నా ఓనర్లలో పెద్ద ఆస్తిపరులెవరూ లేరు. రిటైరైన టీచర్లు, ఊళ్లో పొలం అమ్మి ఇక్కడ ఫ్లాట్ కొన్నవాళ్లు, అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఇక్కడో ఇల్లు ఉంచుకున్నవాళ్లు. వీళ్లకి టెన్షన్ చాలానే ఉంటుంది, కాకపోతే ఎక్కువగా అక్కర్లేని విషయాల మీద.

అపోహ: పన్నెండేళ్లుంటే ఇల్లు టెనెంట్‌దే అయిపోతుంది

దాదాపు ప్రతి ఓనరూ నన్ను అడిగేది ఇదే. ఈ భయంతోనే అద్దె ఒకటో తారీఖున వేసే మంచి టెనెంట్‌ని కూడా మూడేళ్లకోసారి మార్చేసేవాళ్లున్నారు. ఆధార్‌లో అడ్రస్ మార్చుకుంటామంటే వద్దంటారు. గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) కోసం మీటరు సర్వీస్ నంబర్ అడిగితే ఉలిక్కిపడతారు.

1963 నాటి లిమిటేషన్ చట్టంలో పన్నెండేళ్ల లెక్క ఉన్నమాట నిజమే. అయితే అది అసలు ఓనరు హక్కునే కాదని, ఈ ఆస్తి నాదేనంటూ బాహాటంగా అనుభవిస్తున్నవాడి సంగతి. అద్దెకున్నవాడు మీ అనుమతితో ఉన్నాడు. నెలనెలా అద్దె కడుతున్నాడంటే మీరే ఓనరని ఒప్పుకుంటున్నట్టు. ఇరవై ఏళ్లున్నా టెనెంట్ టెనెంటే. ఆధార్ అడ్రస్, కరెంటు బిల్లు ఎవరికీ ఇంటి మీద హక్కు తెచ్చిపెట్టవు.

భయపడాల్సింది వేరే చోట. బంధువే కదా, తెలిసినవాడే కదా అని అద్దె లేకుండా, కాగితం లేకుండా ఏళ్లతరబడి ఉండనిస్తారు చూశారా, అక్కడ. ఖాళీ ప్లాటు కొని పదేళ్లు అటువైపు పోకపోవడం కూడా అంతే. అద్దె చేతికి తీసుకుని ఎక్కడా రాసుకోని ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. యూపీఐలో వేయించుకోండి, పక్కన ‘జూన్ అద్దె’ అని రాయమనండి. ఆ రెండు మాటలు రేపు మీకు సాక్ష్యం.

అపోహ: పదకొండు నెలల అగ్రిమెంట్ ఉంది కాబట్టి గడువైపోగానే పంపించేయొచ్చు

ఇది ఎక్కువమందిని ముంచేది. పదకొండు నెలలు ఎందుకంటే, ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ అని అందరూ అనుకుంటారు, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. అంతకుమించి ఆ అంకెలో మహిమ ఏమీ లేదు. గడువు అయ్యాక కూడా మీరు అద్దె తీసుకుంటూ ఉంటే, అది నెలవారీ అద్దెగా నడుస్తున్నట్టే లెక్క. అప్పుడు ఖాళీ చేయించాలంటే పద్ధతిగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాతా కదలకపోతే సివిల్ కోర్టే దారి.

రెంట్ కంట్రోల్ కోర్టు ఉంది కదా అంటారు. 1960 నాటి ఆ చట్టం, 2005 సవరణ తర్వాత, మన సిటీలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. ఆ డబ్బుకి ఇప్పుడు ఇక్కడ సింగిల్ రూమ్ కూడా రాదు. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం గురించి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

విసిగిపోయి కరెంటు ఫ్యూజు పీకేయడం, తాళం మీద తాళం వేయడం మాత్రం వద్దు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టారని టెనెంట్ ఆరు నెలల్లోపు దావా వేస్తే, కోర్టు అతన్ని మళ్లీ అదే ఇంట్లో కూర్చోబెట్టగలదు. అద్దె బాకీ మీకు, కేసు కూడా మీ మీద.

మన దగ్గర అడ్వాన్స్ మామూలుగా రెండు నెలలు. బెంగళూరులో లాగా పెద్ద మొత్తం అడిగితే ఇక్కడ ఇల్లు ఖాళీగా ఉంటుంది. సాధారణంగా జరిగేది ఇది: టెనెంట్ ఒక నెల ఆపుతాడు, రెండో నెల ‘అడ్వాన్స్‌లో పట్టుకోండి అంకుల్’ అంటాడు. మీరు సరేనంటారు. ఖాళీ చేసే రోజు గీజరు పనిచేయదు, కిచెన్ సింకు కింద పైపు కారుతుంటుంది, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ బాకీ, చేతిలో పైసా ఉండదు. అందుకే మొదటి నెల ఆగినప్పుడే వాట్సాప్‌లో లిఖితంగా అడగండి, రెండోది ఆగితే నోటీసు. మొహమాటపడితే అడ్వాన్స్ అయిపోయాక మొదలవుతుంది అసలు కథ.

అపోహ: కరెంటు బిల్లు వాళ్ల తలనొప్పి

మీటరు మీ పేరు మీద ఉంది. బాకీ పెట్టి వెళ్లిపోతే లైన్ కట్ చేసేది మీ ఫ్లాట్‌కే. దిగిన రోజు, వెళ్లే రోజు మీటరు రీడింగ్ ఫొటో తీయండి. పాత ఫ్లాట్ కొనేవాళ్లయితే మరీ జాగ్రత్త. నిబంధనలు అనుమతిస్తే పాత కరెంటు బాకీ కొత్త ఓనరు దగ్గర వసూలు చేయొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుంది

కాగితం తీసుకోండి. 80 లక్షల ఫ్లాట్, దాని మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ 7.5 శాతం అంటే ఇంకో 6 లక్షలు. అద్దె 22 వేలు, ఏడాదికి 2,64,000. ఇందులో ఒక నెల ఖాళీ, ఆ నెల మెయింటెనెన్స్ మీదే, కలిపి 25 వేలు. బ్రోకర్‌కి సగం నెల 11 వేలు. పెయింటింగ్‌కి పాత టెనెంట్ దగ్గర ఒక నెల అద్దె పట్టుకున్నా చాలదు, పైన 12 వేలు. ప్రాపర్టీ ట్యాక్స్ 6 వేలు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్ 10 వేలు. మిగిలేది 2 లక్షలు. 86 లక్షల మీద ఇది రెండున్నర శాతం కూడా కాదు. అదే ఇంటికి 60 లక్షల లోన్ తీసుకుంటే, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లకి ఈఎంఐ 52 వేలు. ఆ 2 లక్షలు ఇందులో వేసినా, నెలనెలా మిగతా 35 వేలు ఎవరి జీతంలోంచి?

ధర పెరుగుతుందిగా అంటారు. పెరగొచ్చు. కానీ అది అమ్మినప్పుడు వచ్చే డబ్బు, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా కట్టాలి. ఇంకోటి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లు అద్దెను మించిన లోన్ వడ్డీని జీతంలోంచి తగ్గించి చూపించలేరు. పాత విధానంలోనైనా ఆ నష్టం ఏడాదికి 2 లక్షల వరకే. రిపేర్ల బిల్లులు దాచడం మాత్రం అనవసరం. ఎంత ఖర్చయినా, అసలు కాకపోయినా, అద్దెలో 30 శాతం (ప్రాపర్టీ ట్యాక్స్ తీసేశాక) మినహాయింపు ఇస్తారు.

అపోహ: బ్యాచిలర్లకిస్తే గొడవ, ఫ్యామిలీ అయితే సేఫ్

నేను చూసినంతలో, అద్దె ఆపిన ఫ్యామిలీని కదిలించడమే కష్టం. పిల్లల పరీక్షలయ్యేదాకా ఎవరూ సామాను సర్దరు. మనకీ మనసొప్పదు.

అపోహ: ఓనరు అమెరికాలో ఉన్నా అద్దె ఖాతాలో పడితే చాలు

అద్దె నెలకు 50 వేలు దాటితేనే టీడీఎస్ (అద్దెలోంచి టెనెంటే ముందుగా పన్ను పట్టుకోవడం) అన్న రూలు ఇక్కడున్న ఓనర్లకి. ఎన్నారై ఓనరుకి ఆ పరిమితి లేదు, 22 వేల అద్దెయినా టెనెంట్ 30 శాతం, పైన సెస్సు పట్టుకుని కట్టాలి. చాలామంది టెనెంట్లకి ఇది తెలియదు, చెప్పే ఓనర్లు తక్కువ.

అపోహ: రిజిస్ట్రేషన్ అయింది, పన్ను కడుతున్నాం, ఇంక ఢోకా లేదు

చవగ్గా వస్తోందని చెరువు పక్కన కొనేవాళ్లు నమ్మేది ఇదే. పన్ను వేశారంటే నిర్మాణాన్ని ఒప్పుకున్నట్టు కాదు, అనుమతి లేని కట్టడాలకీ పన్ను వేస్తారు. పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువుకైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్, అంటే ఇల్లు కట్టకూడని చోటు. 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఈ గీతల అర్థం అందరికీ తెలిసొచ్చింది. అడ్వాన్స్ ఇచ్చేముందు హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో ఆ సర్వే నంబర్ ఎక్కడ పడుతుందో చూడండి. ఫ్లాటయితే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అడగండి. ‘వస్తుంది సార్, ప్రాసెస్‌లో ఉంది’ అన్నారంటే, వచ్చాకే కొంటామని చెప్పండి.