రివర్స్ ట్రాన్స్‌ఫర్: క్రెడిట్లు వెనక్కి పంపితే పోతాయా?

టెక్సస్‌లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో అడ్వైజర్‌గా పనిచేస్తున్నాను. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ పూర్తిచేయకుండా యూనివర్సిటీకి మారిన పిల్లలు, అక్కడ సంపాదించిన క్రెడిట్లను (కోర్సులకు ఇచ్చే యూనిట్లు) పాత కాలేజీకి పంపి ఆ డిగ్రీ పొందడమే రివర్స్ ట్రాన్స్‌ఫర్. దీని గురించి వాళ్ల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది.

అపోహ: "క్రెడిట్లు వెనక్కి పంపితే యూనివర్సిటీలో తగ్గిపోవా సార్?"

వాస్తవం: తగ్గవు. ఒక్కటి కూడా తగ్గదు. ఇక్కడికి వచ్చేది ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, మార్కుల రికార్డు) ప్రతి మాత్రమే. ఆ కోర్సులు, జీపీఏ యూనివర్సిటీలోనే ఉంటాయి, బ్యాచిలర్స్ లెక్కలో యథాతథంగా చేరతాయి. అవే కోర్సులను మేమూ పరిశీలించి, సరిపోతే అసోసియేట్ పట్టా ఇస్తాం. దయచేసి ఈ పుకారును వాట్సాప్ గ్రూపుల్లో ఇంకొకరికి పంపకండి. దానివల్ల నష్టపోయినవాళ్లను చూస్తున్నాను.

మా దగ్గర 40 క్రెడిట్లు చేసి వెళ్లిన ఒక తెలుగమ్మాయి ఈ భయంతోనే ట్రాన్‌స్క్రిప్ట్ పంపడానికి ఇచ్చే సమ్మతి పత్రంలో 'వద్దు' అని గుర్తు పెట్టింది. మూడో ఏడాదిలో తండ్రికి గుండె ఆపరేషన్ జరిగి, చదువు ఆపి ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది. దరఖాస్తులో హైస్కూలు తర్వాత రాయడానికి పట్టా లేదు. మూడేళ్లు వృథా అయ్యాయని నా ఎదుట కూర్చుని ఏడ్చింది. రెండు ట్రాన్‌స్క్రిప్ట్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే కావలసినవన్నీ ఉన్నాయి! సమ్మతి ఇచ్చింది, ఆ సెమిస్టర్ చివర పట్టా అందుకుంది. చదువు ఆపేశాక కూడా అడగవచ్చని అంతవరకు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అపోహ: అంతా దానంతటదే జరిగిపోతుంది.

వాస్తవం: విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల సాధారణంగా విద్యార్థి సమ్మతి కావాలి. ఫీజు కట్టేది తల్లిదండ్రులే అయినా సంతకం మాత్రం విద్యార్థే చేయాలి. కాలేజీలో చేరాక ఆ హక్కు వాళ్లదే.

అపోహ: ఏవైనా 60 క్రెడిట్లు ఉంటే చాలు.

వాస్తవం: చాలవు. టెక్సస్‌లో బదిలీకి ఉద్దేశించిన అసోసియేట్ డిగ్రీలకు 42 క్రెడిట్ల కోర్ (అందరూ చేయవలసిన ఉమ్మడి కోర్సులు) ఉండాలి. అమెరికా చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థ పాఠాలు అందులోవే. డిగ్రీలో కనీసం నాలుగో వంతు, అంటే సుమారు 15 క్రెడిట్లు, పట్టా ఇచ్చే కాలేజీలోనే చేసి ఉండాలి.

పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ సాయం) ఆగిపోతుందని కొందరి దిగులు. పట్టా వల్ల అర్హత పోయేది బ్యాచిలర్స్ వచ్చాకే, అసోసియేట్‌తో కాదు.

వేరే రాష్ట్రానికి వెళ్లిపోయినా పాత కాలేజీ రిజిస్ట్రార్‌కు రాయండి. స్టూడెంట్ ఐడీ, చివరిగా చదివిన సెమిస్టర్ తెలపండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారినవాళ్లు పాత పేరు కూడా రాయండి, లేకపోతే రికార్డు దొరకడం ఆలస్యమవుతుంది.