ఆపేసిన కంప్యూటర్‌లో మదర్‌బోర్డు ఎలా కాలింది?

రాత్రి షట్‌డౌన్ చేసిన కంప్యూటర్ పొద్దున్నే ఆన్ కాదు. రిపేరు షాపులో బోర్డు పోయిందంటారు. మనం కరెంటు హెచ్చుతగ్గుల మీదో పిడుగు మీదో నెపం వేసి ఊరుకుంటాం. కానీ 2000 తర్వాత వచ్చిన కొన్ని చవక కంప్యూటర్లలో అసలు దోషి బయటిది కాదు, ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బాలో ఓ మూలనున్న చిన్న సర్క్యూట్.

1995కి ముందు ఈ గొడవే లేదు. ఏటీ రకం పెట్టెలకి ముందుండే స్విచ్ కొడితే గోడ నుంచి వచ్చే కరెంటే తెగిపోయేది. ఆ ఏడాది ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతిలో ఆ స్విచ్ స్థానంలో బోర్డుకి కబురు పంపే బటన్ వచ్చింది. కబురు అందుకోవాలంటే బోర్డులో కొంత భాగం ఎప్పుడూ మేలుకునే ఉండాలి. దానికోసమే ఊదారంగు తీగ మీద 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా పెట్టారు. గోడ స్విచ్ కట్టేస్తే తప్ప అది ఆగదు. కంప్యూటర్ రోజుకి రెండు గంటలే వాడినా ఇది ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. పైగా మిగతా సమయమంతా ఫ్యాన్ తిరగదు, పుట్టిన వేడి అక్కడే ఉండిపోతుంది.

ఖర్చు తగ్గించుకునేందుకు కొందరు తయారీదారులు ఈ భాగాన్ని రెండు ట్రాన్సిస్టర్లతో లాగించేశారు. వోల్టేజి పెరిగితే తగ్గించమని చెప్పే ఫీడ్‌బ్యాక్ అందులో ఒక చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ (లోపల ద్రవం ఉండి, ఛార్జి నిల్వ చేసే భాగం) మీద ఆధారపడుతుంది. ఈ రకం కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు సగమవుతుంది. అది ఎండిపోయాక అదుపు తప్పి 5 వోల్టులు కాస్తా 10 దాటిన సందర్భాలున్నాయి. ఆ తీగ నేరుగా వెళ్లేది సౌత్‌బ్రిడ్జ్‌కి (డిస్కులు, పోర్టుల పని చూసే చిప్‌కి) కరెంటిచ్చే రెగ్యులేటర్‌కి, నెట్‌వర్క్ చిప్‌కి, కొన్ని బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టులకి కూడా. ఈమెషీన్స్ కంప్యూటర్లలో వచ్చిన బెస్టెక్ ఏటీఎక్స్-250-12ఈ అనే ఎస్‌ఎంపీఎస్ ఇందుకే బోర్డుల పాలిట యముడని రిపేరు చేసేవాళ్లలో పేరుపడింది.

మరి రక్షణ ఏమైంది? 12 వోల్టుల లైను 15.6 దాటకముందే, 5 వోల్టుల లైను 7 దాటకముందే యూనిట్ ఆగిపోవాలని ఏటీఎక్స్ నిర్దేశాల్లో ఉంది. ఆ కాపలా ప్రధాన లైన్లకే. ఇలాంటి చవక యూనిట్లలో స్టాండ్‌బైని పట్టించుకున్న నాథుడు లేడు.

రోగం ఆలస్యంగా బయటపడటానికి ఇంకో కారణం ఉంది. సరిగ్గా అదే కాలంలో నాసిరకం కెపాసిటర్లు మదర్‌బోర్డుల మీదే ఉబ్బిపోతున్నాయి. 2005లో డెల్ ఒక్కటే తన ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల బోర్డుల మార్పిడి కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. కాబట్టి పెట్టె విప్పిన మెకానిక్ చూపు ముందు బోర్డు మీదికే పోయేది. కొత్త బోర్డు వేసి, పాత ఎస్‌ఎంపీఎస్‌నే తగిలించేవాడు. కొత్తదీ పోయేది. నా దృష్టిలో, కారణం తెలియకుండా చచ్చిన బోర్డు చేతికొస్తే అనుమానించాల్సింది ముందు ఎస్‌ఎంపీఎస్‌నే.

తేల్చుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఎస్‌ఎంపీఎస్‌ని బోర్డు నుంచి, మిగతా అన్నిటి నుంచి విడదీసి, ప్లగ్గు పెట్టి, ఊదా తీగకీ నల్ల తీగకీ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. 5.6 చూపించినా ఇక దాన్ని ఏ బోర్డుకీ తగిలించొద్దు. రీడింగ్ బాగున్నంత మాత్రాన యూనిట్ మంచిదనీ కాదు, లోడు పడ్డాక రేగే రిపుల్ (వోల్టేజిలో వేగంగా వచ్చే ఊగిసలాట) మామూలు మీటరుకి చిక్కదు. లోపల ఏముందోనని డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు.

ఫీడ్‌బ్యాక్‌ని నమ్మకంగా చూసుకునే చిప్‌లని పవర్ ఇంటిగ్రేషన్స్ అనే కంపెనీ 1994 నుంచే అమ్ముతోంది. అయినా నాలుగు డబ్బులు మిగుల్తాయని చవక తయారీదారులు పాత సర్క్యూట్‌నే పట్టుకు వేలాడారు. ఐరోపా సమాఖ్య ఆపేసిన పరికరం వాడే కరెంటుని 2010లో 1 వాట్‌కి, 2013లో అర వాట్‌కి కట్టడి చేసింది. పాత సర్క్యూట్‌తో ఆ లెక్క అందుకోవడం కష్టం కాబట్టి చిప్‌ల వైపు మళ్లక తప్పలేదు. ఆ నియమం పెట్టింది కరెంటు ఆదాకే, బోర్డుల ఊసు అందులో లేదు.