గేదెకు బలముంటే పలుపు సాగుతుందా?

మా మేనల్లుడు కొత్త కారు కొన్నాడు. 150 హార్స్‌పవర్. దాంతో అరకు వెళ్ళొచ్చి ఫోన్ చేశాడు. "మావయ్యా, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే వెనకాల ఒక పాత మారుతి 800 పడింది. రోడ్డు నేరుగా ఉన్నచోట దాన్ని వదిలేసి వెళ్ళిపోతున్నాను. మలుపు తిరిగి చూస్తే మళ్ళీ అద్దంలో అదే. ఐదారు మలుపులయ్యాక సిగ్గేసి దారి ఇచ్చేశాను. దాని ఇంజన్ నా ఇంజన్‌లో మూడోవంతు కూడా ఉండదు కదా, ఎలా?"

జవాబు వాడు ఇంటర్లోనే బట్టీ పట్టాడు. చదునైన రోడ్డు మీద మలుపులో ఎంత వేగంగా పోవచ్చంటే, ఘర్షణ గుణకాన్నీ (టైరు రోడ్డును ఎంత పట్టుకుంటుందో చెప్పే అంకె) మలుపు వ్యాసార్థాన్నీ గురుత్వ త్వరణాన్నీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చినంత. అంకెలు వేసి ఎంసెట్‌లో మార్కు తెచ్చుకున్నాడు. ఆ సూత్రంలో ఏముందో చెప్పిన లెక్చరర్లు ఏం లేదో చూడమని మాత్రం చెప్పరు. బండి బరువు రెండు వైపులా ఉండి కొట్టేసుకుపోయింది. హార్స్‌పవర్ అసలు రానే లేదు! వ్యాసార్థం 20 మీటర్లు, గుణకం 0.8 అనుకుంటే గంటకు 45 కిలోమీటర్లు. వానపడి గుణకం 0.5కి దిగితే 36. టైర్లను బట్టి కొంచెం అటూ ఇటూ తప్ప, ఏ బండికైనా ఇదే లెక్క.

అయితే ఇది హద్దు ఎక్కడుందో చెబుతుంది కానీ, మారుతి ఆయన ఆ హద్దు దాకా ఎలా పోగలిగాడో, మావాడు ఎందుకు పోలేకపోయాడో చెప్పదు. దానికి నా దగ్గర ఒక గేదె ఉంది.

గట్టు మీద గుంజకు కట్టేసిన గేదె. పలుపు పది అడుగులు. ముందుకి పది అడుగులు పోగలదు, లేదా పక్కకి పది పోగలదు. ముందుకి పది పోయి అక్కణ్ణుంచి పక్కకి ఇంకో పది పోతానంటే కుదరదు. ఎటు తిరిగినా గుంజ చుట్టూ ఉన్న ఆ గుండ్రంలోనే. టైరు పట్టు కూడా ఇంతే. యాక్సిలరేటర్ నొక్కితే గేదె ముందుకి, బ్రేకు నొక్కితే వెనక్కి, స్టీరింగు తిప్పితే పక్కకి. ఇంజినీర్లు దీన్ని ఘర్షణ వలయం అంటారు. నాకు గేదే నచ్చింది.

ఇప్పుడు గమ్మత్తు చూడండి. గేదె పక్కకి ఎనిమిది అడుగులు పోయి నిలబడిందనుకుందాం. వెనక్కి పోవడానికి ఎంత మిగిలింది? రెండడుగులే అనిపిస్తుంది. కాదు, ఆరు. ఎనిమిది వర్గం, ఆరు వర్గం కలిపితే పది వర్గం. అంటే మలుపుకి నూటికి ఎనభై వంతుల పట్టు ఖర్చుపెట్టినా, బ్రేకుకి ఇంకా అరవై వంతులుంది.

మావాడు ఏం చేస్తాడంటే, మలుపు ముందు బ్రేకు గట్టిగా నొక్కుతాడు. గేదె వెనక్కి పది అడుగులూ పోయింది. తర్వాత బ్రేకు పూర్తిగా వదిలేస్తాడు. గేదె గుంజ దగ్గరికి వచ్చేసింది. అప్పుడు స్టీరింగు తిప్పుతాడు. పక్కకి బయల్దేరింది. అలా గుంజ దాకా వచ్చి మళ్ళీ పోయినంతసేపూ పలుపు వదులుగా ఉంది, పట్టంతా వృథా. చేయి తిరిగిన డ్రైవరు గేదెను గుంజ దగ్గరికి రానివ్వడు. బ్రేకు మీది కాలు ఎంత తేలికవుతుంటే స్టీరింగు అంత తిరుగుతుంటుంది. గేదె గుండ్రం అంచు మీదే నడుస్తుంది, పలుపు బిగువు తగ్గకుండా. రేసుల్లో దీన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు.

హార్స్‌పవర్ అంటే గేదె బలం. బలమైన గేదె అంచుకి తొందరగా చేరుతుంది. పలుపు మాత్రం సాగదు.

ఇక్కడ పోలిక కాస్త తప్పుతుంది. పలుపు తెగుతుంది, టైరు పట్టు తెగదు, జారుతుంది. నిజానికి పట్టు పుట్టాలంటేనే టైరు రోడ్డు మీద కొద్దిగా జారాలి. బ్రేకు వేసినప్పుడు చక్రం బండి వేగం కంటే సుమారు పది శాతం నెమ్మదిగా తిరుగుతున్నచోట పట్టు శిఖరానికి చేరుతుంది. అది దాటితే తగ్గుతుంది. చక్రం పూర్తిగా బిగుసుకుంటే స్టీరింగు ఎటు తిప్పినా బండి నేరుగానే పోతుంది. ఇంకో చిక్కు, గేదెలు నాలుగు, పలుపుల పొడవు మారుతుంటుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకి ఒరిగి ముందు పలుపులు పెరుగుతాయి, వెనకవి పొట్టివవుతాయి. మలుపు మధ్యలో భయపడి బ్రేకు తొక్కితే వెనక చక్రాలు జారేది అందుకే. పైగా టైరు మీద బరువు రెండింతలైతే పట్టు రెండింతలు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. అంటే బరువును అటూ ఇటూ విసిరే డ్రైవరు మొత్తం పట్టులోనే కోత పెట్టుకుంటున్నాడు.

ఈ వ్యవహారమంతా జరిగేది టైరుకి అరచేయంత జాగాలో, టైరు నేలను తాకేచోట. కొత్త బండికి నిమ్మకాయలు సరిగ్గా అక్కడే పెట్టి తొక్కిస్తాం! నిమ్మకాయ పెట్టే మనిషి ఎలాగూ టైరు దగ్గర వంగాడు, ఆ చేత్తోనే గాలి కూడా చూస్తే బాగుండు.

సరే, లెక్క వేద్దాం. 100 మీటర్ల నేరు రోడ్డు, ఆ తర్వాత 15 మీటర్ల వ్యాసార్థంతో సగం వృత్తం తిరిగే హెయిర్‌పిన్. ఆ వంపు పొడవు 47 మీటర్లు. మామూలు డ్రైవరు సెకనుకి 8 మీటర్ల వేగంతో తిరుగుతాడు. వంపుకి 5.9 సెకన్లు. నేరు రోడ్డు మీద సెకనుకి 2 మీటర్ల చొప్పున వేగం పెంచి, చివర 6 మీటర్ల చొప్పున తగ్గించి మళ్ళీ 8కి వస్తే 7.4 సెకన్లు. ఇప్పుడు ఇంజన్ మార్చి, వేగం పెరిగే రేటు రెట్టింపు చేద్దాం. 7.4 కాస్తా 6.4 అయింది. లాభం ఒక్క సెకను.

ఇంజన్ పాతదే ఉంచి డ్రైవర్ని మారుద్దాం. అతను హెయిర్‌పిన్‌ని సెకనుకి 9.6 మీటర్ల వేగంతో తిరుగుతాడు. వంపులో ఒక సెకను మిగిలింది. ఎక్కువ వేగంతో బయటపడ్డాడు కాబట్టి నేరు రోడ్డు మీద ఇంకో 0.6. మొత్తం 1.6 సెకన్లు. ఇందుకు అతను వాడిన పట్టు 0.63 జి, అంటే గురుత్వ త్వరణంలో 0.63 వంతు. పొడి రోడ్డు మీద మామూలు టైరు ఇచ్చే 0.8 కంటే ఇంకా కిందే!

జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ ట్రాక్ 20.8 కిలోమీటర్లు, దాదాపు అన్నీ మలుపులే. 2004లో ఒక బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత అక్కడ డీజిల్ జాగ్వార్‌ని 9 నిమిషాల 59 సెకన్లలో తిప్పి మురిసిపోయాడు. అతనికి నేర్పిన సబీనా ష్మిట్జ్, ఆ టైము నేను వ్యాన్లో కొట్టగలను అంది. ఆమె ఆ ట్రాక్ పక్కనే పెరిగిన మనిషి, అక్కడి 24 గంటల రేసు రెండుసార్లు గెలిచింది. సామాన్లు తీసేసి తేలిక చేసిన ఫోర్డ్ ట్రాన్సిట్ డీజిల్ వ్యాన్లో, సరుకులు మోసే బండిలో, 10 నిమిషాల 8 సెకన్లలో తిరిగింది. పందెం ఓడింది నిజమే, తొమ్మిది సెకన్లతో. ట్రాక్ చివర్లో రెండు కిలోమీటర్ల పొడవున నేరు రోడ్డుంది. అక్కడ వ్యాన్‌కి పలుపు బోలెడంత వదులు, గేదెకే ఓపిక లేదు.

స్వీడన్ డ్రైవరు ఎరిక్ కార్ల్‌సన్ 1962, 1963ల్లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన సాబ్ కారు ఇంజన్ 841 సీసీ. మన 800 కంటే కాస్త పెద్దది, అంతే. సాబ్ డ్రైవర్లు కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి, ఎడమ కాలితో బ్రేకు నొక్కేవాళ్ళు. ముందు చక్రాలను ఇంజన్ లాగుతూనే ఉంటుంది, వెనక పలుపులు పొట్టివవుతాయి, కారు వెనకభాగం తిరిగి ముక్కు మలుపులోకి వస్తుంది. చిన్న ఇంజన్ ఊపు పడిపోదు. ఇది రోడ్డు మీద ప్రయత్నించకండి, అలవాటు లేని ఎడమ కాలు బ్రేకుని క్లచ్ అనుకుని తొక్కేస్తుంది.

"మరి 150కి డబ్బు పోసింది దండగేనా?" అన్నాడు మావాడు. కాదురా, తుని దగ్గర లారీని దాటేటప్పుడు అది కావాలి.

మొన్న మళ్ళీ అరకు బయల్దేరాం. స్టీలు గ్లాసులో ముప్పావు దాకా నీళ్ళు పోసి గేరు పక్కన పెట్టాను. మొదటి మలుపులోనే సగం వాడి ప్యాంటు మీద. అనంతగిరి దగ్గర కాఫీకి ఆగి గ్లాసు మళ్ళీ నింపాం. అరకులో దిగేసరికి రెండు గుక్కలు మిగిలాయి. వాటిని వాడే తాగాడు.