4.5 ఎంఎం బెజ్జం వెనక ఉన్న కథ

మొన్న మా పిన్నమ్మ కొడుకు ఫోన్ చేసినాడు. "అన్నా, మేము కూడా ఈసారి ఫార్ములా స్టూడెంట్ కారు చేస్తాండాం, టెక్ ఇన్‌స్పెక్షన్‌లో పోకుండా ఉండాలంటే ఏం చేయాల?" అన్నాడు. ఫార్ములా స్టూడెంట్ అంటే ఇంజినీరింగ్ పిల్లలు సొంతంగా చిన్న రేస్ కారు చేసి తెచ్చే పోటీ, టెక్ ఇన్‌స్పెక్షన్ అంటే బండిని నడపనిచ్చే ముందు రూల్స్ ప్రకారం ఉందా లేదా అని చేసే తనిఖీ. రెండు ముక్కలు చెప్పి పెట్టేసినా గానీ మనసు ఊరుకోలే. మా బండి ఆగిపోయింది కూడా సరిగ్గా అక్కడే, ఇన్నేళ్ల తర్వాత ఇంకో బ్యాచ్ అదే భయంతో ఫోన్ చేస్తాందంటే తప్పంతా పిల్లల్లోనే ఉందా, పోటీ నడిపే పద్ధతిలో కూడా ఉందా అని కాస్త వెనక్కి పోయి చూడాల్సిందే.

ముందు మా కథ. అనంతపురంలో చదువుకునేటప్పుడు పదహారు మందిమి కలిసి కారు చేసినాం. వెల్డింగ్ అంతా ఒక లేత్ షాపు వెనక, వేపచెట్టు కింద, ఏప్రిల్ ఎండలో. కేటీఎం 390 ఇంజిన్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది, పైపులు హైదరాబాద్ నుంచి లారీలో వేయించుకున్నాం. రూల్ ప్రకారం డ్రైవర్ తల వెనక ఉండే మెయిన్ హూప్‌కి 25.4 ఎంఎం లావు పైపు, దాని గోడ కనీసం 2.4 ఎంఎం మందం ఉండాల, మా బిల్లులో 2.5 అని రాసుంది, మేము అదే నమ్మి డిజైన్ పేపర్లలో 2.5 అని పెట్టినాం, పేపర్లు పాస్ అయినాయి కూడా. ఆ హూప్‌కి తనిఖీ కోసమని 4.5 ఎంఎం బెజ్జం ఒకటి మనమే వేసుకొని పోవాల. పోటీ రెండో రోజు ఇన్‌స్పెక్టర్ ఆ బెజ్జంలో గేజ్ పెట్టి చూసినాడు. 2.2.

అంతే, అయిపోయింది. మెయిన్ హూప్ మార్చాలంటే బండి మొత్తం కోయాల. ఏ పోటీ, ఏ షాపు అనేది వద్దులే, ఆయన చేసింది కరెక్టే. బండి బోల్తా పడితే డ్రైవర్ తలకాయని కాచేది ఆ పైపే. నా గొడవ ఆయనతో కాదు, ఆ గేజ్ మా పైపు దాకా రావడానికి ఎనిమిది నెలలు, మూడు లక్షల చిల్లర ఖర్చు, ఇన్ని వందల కిలోమీటర్ల ప్రయాణం ఎందుకు పట్టిందనేది గొడవ.

ఇది మొదలైంది అమెరికాలో. 1976లో సౌత్ కరోలినా యూనివర్సిటీలో మినీ బాహా అని మట్టిలో నడిచే బండ్ల పోటీ పెట్టినారు. అది చూసి 1979లో హ్యూస్టన్ యూనివర్సిటీలో రోడ్డు మీద నడిచే బండ్లతో మినీ ఇండీ అని ఒకటి చేసినారు, అందరికీ ఒకటే ఇంజిన్, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 5 హార్స్ పవర్ది, అంటే మనోళ్లు మడికి నీళ్లు తోడే చిన్న పెట్రోల్ మోటార్ లాంటిదే. 13 కాలేజీలు పేర్లు ఇచ్చినాయి, 11 వచ్చినాయి, ఎల్ పాసో కాలేజీ గెలిచింది. ఆ మరుసటి ఏడు దాన్ని నెత్తికెత్తుకునే నాథుడే లేడు. 1981లో ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ స్టూడెంట్లు పూనుకొని, ఒకే ఇంజిన్ అంటే పిల్లల బుర్రకి పనేముంది, ఏ ఫోర్ స్ట్రోక్ ఇంజినైనా పెట్టుకోండి, కాకపోతే గాలి లోపలికి పోయే దారి మాత్రం ఒక అంగుళం బెజ్జం గుండానే పోవాల అని రూల్ మార్చినారు. దానికే ఫార్ములా ఎస్ఏఈ అని పేరు, ఎస్ఏఈ అంటే అక్కడి ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం. ఆ బెజ్జం తర్వాత 20 ఎంఎంకి తగ్గింది, ఇంజిన్ సైజు చాలా ఏళ్లు 610 సీసీ దగ్గర ఉండి తర్వాత 710కి పెరిగింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రూల్ మార్చింది పోటీలో ఆడే పిల్లలే. పైనుంచి ఎవరో కుర్చీలో కూర్చుని రాసిచ్చింది కాదు.

ఇంకొకటి, దీనికి రేస్ ట్రాక్ అవసరమే లేదు. అమెరికాలో మిషిగన్‌లో జరిగే ఫార్ములా ఎస్ఏఈ పోటీని చాలా ఏళ్లు పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియం కార్ పార్కింగ్‌లో కోన్లు పెట్టి నడిపినారు. ఎండ్యూరెన్స్ అని 22 కిలోమీటర్లు తిప్పుతారు, మధ్యలో డ్రైవర్ మారాల, అందులో కూడా సగటు స్పీడు గంటకి 50 చిల్లరే, ఎందుకంటే అన్నీ వంకర టింకర మలుపులే. మన ఆర్టీసీ బస్సు హైవే మీద అంతకంటే ఫాస్ట్‌గా పోతాది. బయటోళ్లు టీవీలో చూసే ఎఫ్1 అనుకుంటారు గానీ ఇది ఇంజినీరింగ్ పరీక్ష. మొత్తం 1000 మార్కులు. డిజైన్ 150, ఖర్చు లెక్కలు 100, బిజినెస్ ప్రెజెంటేషన్ 75, ఈ మూడూ బండి కదలకుండానే. మిగతా 675 బండి నడిస్తేనే. ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ రాకపోతే ఆ 675 కథ కంచికే, మేము 325 కోసం అంత దూరం పోయొచ్చినట్టు.

తర్వాత ఇది దేశాలు దాటింది. 1998లో ఇంగ్లండ్‌లో ఫార్ములా స్టూడెంట్ పేరుతో మొదలైంది, 2006లో జర్మనీలో హాకెన్‌హైమ్ ట్రాక్ మీదికి వచ్చింది. ఇంగ్లండోళ్లు ఒక మంచి పని చేసినారు, బండి ఇంకా తయారు కానోళ్లకి వేరే క్లాస్ పెట్టి, డిజైనూ లెక్కలూ తెచ్చి చూపించి పోండి, బండి వచ్చే ఏడు తెద్దురు అన్నారు. జర్మనీలో టీములు ఎగబడేసరికి ఎవరు ముందు క్లిక్ చేస్తే వాళ్లకి అని కాకుండా రూల్స్ మీద క్విజ్ పెట్టి స్లాట్లు ఇవ్వడం మొదలుపెట్టినారు. రూల్ బుక్ చదవకుండా వచ్చేటోళ్లు అక్కడే ఆగిపోతారు. రెండూ క్యూని తగ్గించే మార్గాలే, ఖర్చు లేనివే.

మన దేశానికి 2007లో బాహా వచ్చింది, ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో. ఫార్ములా టైపు బండ్లకి 2011లో సుప్రా ఎస్ఏఈ ఇండియా అని చెన్నై దగ్గర మొదలై, తర్వాత గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కి పోయింది. అనంతపురం, కర్నూలు మీదుగా పోయే 44వ నంబర్ హైవే పట్టుకుంటే ఢిల్లీ దాకా తిన్నగా పోవచ్చు గానీ బండిని లారీలో వేసుకుని దగ్గర దగ్గర రెండు వేల కిలోమీటర్లు పోవడమంటే లారీ బాడుగ అడిగినోడికే తెలుసు. ఇంకోపక్క ఫార్ములా స్టూడెంట్ ఇండియా పేరుతో మొదలై ఫార్ములా భారత్‌గా మారిన పోటీ కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతాంది. మనకి అందుబాటులో ఉండేది అదే. ఆ ట్రాక్‌కి పేరు ఎస్.కరివర్ధన్ గారిది, తక్కువ ఖర్చులో మారుతి ఇంజిన్‌తో ఫార్ములా మారుతి బండ్లు తయారు చేయించి మధ్యతరగతి పిల్లోళ్లని కూడా రేసుల్లోకి తెచ్చిన మనిషి, 1995లో విమాన ప్రమాదంలో పోయినారు.

ఇప్పుడు అసలు సమస్యకొస్తా. పోటీ పెరిగే కొద్దీ రూల్ బుక్ లావైంది. బండి ముక్కు దగ్గర దెబ్బ తగ్గించడానికి పెట్టే దిమ్మె, ఇంపాక్ట్ అటెన్యుయేటర్, 300 కిలోల బండి సెకనుకి 7 మీటర్ల స్పీడుతో గుద్దినా సగటున 20 జీ (అంటే భూమి ఆకర్షణకి 20 రెట్లు) దాటకుండా ఆపాల, డ్రైవర్ ఐదు సెకన్లలో బయటికి దూకాల, బండిని 60 డిగ్రీలు పక్కకి వంచినా చుక్క ఆయిల్ కారకూడదు, బ్రేక్ తొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాల. ప్రతిదాని వెనకా ఎక్కడో ఎవరికో తగిలిన దెబ్బో, తృటిలో తప్పిన దెబ్బో ఉంటాది, అందుకే రూల్స్ తగ్గించండి అని నేనైతే అనను. ఎలక్ట్రిక్ బండ్లు వచ్చినాక ఇంకో వరస కలిసింది, బ్యాటరీకి వేరే ఇన్‌స్పెక్షన్, వానలో తడిసినట్టు రెండు నిమిషాలు నీళ్లు కొట్టి చూసే టెస్ట్. ఇవన్నీ రెండు మూడు రోజుల్లో, ఒకే షెడ్డు కింద, వచ్చిన బండ్లన్నిటికీ చేయాల.

దీనికి విరుగుడుగా పేపర్ తనిఖీలు ముందుకి జరిపినారు. ఛాసిస్, అంటే బండి పైపుల ఫ్రేమ్, లెక్కలు ఒక ఎక్సెల్ షీట్‌లో నింపి నెలల ముందే పంపాల, అటెన్యుయేటర్ టెస్ట్ రిపోర్టు పంపాల, బాహాలో అయితే ముందు వర్చువల్ రౌండ్ ఒకటి పెట్టి డిజైన్ చూసినాకే అసలు పోటీకి పిలుస్తారు. మంచిదే. కానీ కాగితం మీద 2.5 అని రాస్తే కాగితం 2.5 అనే చెప్తాది, పైపు ఏం చెప్తాదో దానికెట్ల తెలుసు? జర్మనీ పిల్లోళ్లకి సర్టిఫికెట్‌తో పైపు వస్తాది, పక్కనే కార్ల ఫ్యాక్టరీ ల్యాబ్ ఉంటాది, కాబట్టి వాళ్లకి కాగితమూ పైపూ ఒకటే. మనకి మధ్యలో షాపోడు, లారీవోడు, తుప్పు, ఇంకా నానా రకాలు ఉంటాయి. పద్ధతిని అక్కడి నుంచి తెచ్చుకున్నాం, దాని వెనక ఉండే ఏర్పాటు మాత్రం తెచ్చుకోలే.

సీమలో ఇంజినీరింగ్ కొత్తేం కాదు. అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీ పుట్టింది 1946లో, అదే ఇప్పటి జేఎన్టీయూ కాలేజీ (నేను చదివింది అందులో కాదులెండి). 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నడుస్తాంది, మొదలుపెట్టినప్పుడే ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ, దాని చుట్టూ పార్టులు చేసే కంపెనీలు బోలెడు. అంటే పైపు మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ కోసం కోయంబత్తూరు పోనక్కర్లేదు. పోటీ నడిపేటోళ్లు ఏరియాకి ఒకరోజు పెట్టి, బండి ఇంకా అస్థిపంజరంలా ఉన్నప్పుడే, పెయింట్ కూడా వేయకముందే, ఇద్దరు వాలంటీర్లని పంపి పైపులు, వెల్డింగ్, సీటు బెల్టు బిగించే చోట్లు చూసి ఒక స్టిక్కర్ అంటిస్తే చాలు. మెయిన్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ భాగం దాటేసి బ్రేకులు, లీకులు చూస్తారు. వాలంటీర్లు ఎవరంటారా, మాలాగా ఓడిపోయి వచ్చిన పాత టీములోళ్లు ఊరికి పది మంది ఉంటారు, పెట్రోల్ డబ్బులిస్తే చాలు, కొందరికి అది కూడా అక్కర్లేదు. తనిఖీ చేసేటోడు అదే కాలేజీవోడు కాకుండా చూసుకుంటే మాత్రం సరి, కర్నూలు వాళ్లు కడపకి, కడప వాళ్లు అనంతపురానికి.

ఇదంతా రాస్తూ మధ్యలో మావాడికి ఇంకోసారి ఫోన్ చేసినా. పైపులు వచ్చినాయా అంటే వచ్చినాయన్నా, రేపు బెండింగ్‌కి ఇస్తాండాం అన్నాడు. బెండింగ్ సంగతి తర్వాత, ముందు ప్రతి పైపు కొసా అంగుళం కోయించి వెర్నియర్ (మందం కొలిచే స్కేలు) పెట్టి ఫోటోలు పంపు అని చెప్పినా. సాయంత్రానికి వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు వచ్చినాయి. మూడు 2.5 దగ్గరే ఉన్నాయి. మెయిన్ హూప్‌కి అనుకున్న పైపు మాత్రం 2.3. బిల్లు జేబులో పెట్టుకుని పొద్దున్నే హైదరాబాద్ బస్సు ఎక్కినాడంట.