మెదడు వేగం తగ్గేది ఇరవైలోనా, అరవైలోనా?

పదవీ విరమణ వయసు మీద వాదన రేగిన ప్రతిసారీ ఒక మాట తిరిగి వినిపిస్తుంది: ఇరవై దాటితే మెదడు నెమ్మదిస్తుందని. దీనికి బలమిచ్చింది 1996లో అమెరికన్ మనస్తత్వవేత్త టిమతీ సాల్ట్‌హౌస్ వివరించిన సిద్ధాంతం. వయసుతో జ్ఞాపకం, తర్కం తగ్గడానికి చాలావరకు కారణం వేగం పడిపోవడమేనని ఆయన వాదన. అంకెల కింద గుర్తులు గబగబా రాయించే పరీక్షల్లో యువకులే ముందుంటారు, అది నిజం. కానీ ఆ మార్కులో కంటిచూపు, చేతివేగం, జాగ్రత్త అన్నీ కలిసిపోయి ఉంటాయి.

అసలు మలుపు ఇక్కడే ఉంది. మనస్తత్వవేత్త రోజర్ రాట్‌క్లిఫ్ 1978లో ప్రతిపాదించిన డిఫ్యూజన్ మోడల్‌ను (మనిషి నిర్ణయం తీసుకునే తీరును లెక్కగట్టే గణిత నమూనా) 2000 తర్వాత ఆయన బృందం వృద్ధులకు వర్తింపజేసింది. సమాధానానికి పట్టిన సమయాన్నీ, తప్పొప్పులనూ కలిపి చూస్తే ఆ ఆలస్యాన్ని మూడు భాగాలుగా విడదీయవచ్చు: మెదడు సమాచారాన్ని పోగుచేసుకునే వేగం, ఎంత పోగైతే నిర్ణయం తీసుకోవాలన్న హద్దు, చూడటానికీ బటన్ నొక్కడానికీ పట్టే సమయం. చాలా పరీక్షల్లో అరవై, డెబ్భై ఏళ్లవాళ్ల మొదటి భాగం యువకులకు దగ్గరగానే ఉంది. తేడా మిగతా రెండింటిలో కనిపించింది. పెద్దవాళ్లు తప్పు చేయకూడదని ఎక్కువ ఆగుతున్నారు. త్వరపడమని చెబితే ఆ హద్దును కొంత తగ్గించుకోగలిగారు కూడా. మందగించిన మెదడుకూ, ఆచితూచి అడుగేసే మనిషికీ ఒకే మార్కు వేస్తూ వచ్చామన్నమాట!

జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో పది లక్షలకు పైగా మంది డేటాపై ఇదే పద్ధతి వాడారు. జవాబు సమయం ఇరవై నుంచే పెరుగుతోంది, నిజమే. అయితే దానికి కారణం జాగ్రత్త, చూడటం-నొక్కడంలో జాప్యం. అసలు ఆలోచనా వేగం మాత్రం దాదాపు అరవై వరకు పెద్దగా తగ్గలేదు.

అవతలి పక్షం వాదనలోనూ పస ఉంది. అరవై తర్వాత తగ్గుదల నిజం. రెండు విషయాలను జతచేసి గుర్తుంచుకునే పరీక్షల్లో వృద్ధుల మొదటి భాగం కూడా తగ్గింది. పైగా 2022 అధ్యయనం వేర్వేరు వయసులవాళ్లను పోల్చిందే గానీ, అదే మనుషులను ఏళ్ల తరబడి గమనించలేదు.

అయినా నలభై ఐదేళ్ల ఉద్యోగిని ఒక్క టైమర్ అంకెతో తూచడానికి ఇవేవీ ఆధారం కావు. సమయంతో పాటు తప్పుల లెక్క కూడా అడగని పరీక్ష, ఆలస్యం ఆలోచనలో జరిగిందో, జాగ్రత్తలో జరిగిందో, వేలి దగ్గర జరిగిందో చెప్పజాలదు.